పదిహేడు అంగుళాల మెట్టు

మిరప ఘాటుకి ఒకసారి రైలింజను తుమ్మి నల్లపాడు స్టేషన్లో పట్టాలు దిగిందని నేను క్లాసులో చెప్పిన రోజున, పద్నాలుగు మందిలో పదముగ్గురు నవ్వారు. ఒక్కమ్మాయి మాత్రం రాస్తున్న కలం ఆపి తలెత్తింది.

"ఏ సంవత్సరం సార్?"

"ఏది?"

"ఇంజను తుమ్మింది."

ఆ రోజు పాఠం ఊపిరి కండరాల గురించి. తుమ్మేటప్పుడు పొట్ట కండరాలు ఎంత గట్టిగా బిగుస్తాయో చెప్పడానికి ఇంజనును లాక్కొచ్చాను. నా పద్ధతి అది. గరిమనాభి గురించి చెప్పాల్సి వస్తే, మా తాత మిరపకాయల బస్తా నెత్తిన పెట్టుకుని మంగళగిరి కొండ ఎక్కి, దించడం మర్చిపోయి అలాగే కూర్చుని పులిహోర తిన్నాడని చెప్పేవాణ్ణి. మా తాత పోస్టుమాస్టరు. జన్మలో బస్తా మోయలేదు. అయినా నా దగ్గర చదివినవాళ్ళలో గరిమనాభి ప్రశ్న తప్పు రాసినవాడు నాకు గుర్తులేడు.

రెండు వేల సంవత్సరం వచ్చి వెళ్ళిన కొత్త. గుంటూరు శివార్లలో ఒక విశ్వవిద్యాలయంలో వ్యాయామ శాస్త్రం చెప్పేవాణ్ణి. మనిషి ఒళ్ళు ఎలా కదులుతుంది, కష్టపడితే గుండె ఏం చేస్తుంది, అలసట ఎక్కణ్ణుంచి వస్తుంది, ఇవీ మా పాఠాలు. మా వీధిలో మాత్రం నేను డ్రిల్లు మాస్టారినే. "గుంజీలు తీయించడానికి పీహెచ్‌డీ ఎందుకండీ?" అని మా పక్కింటి పొగాకు వ్యాపారి అడిగేవాడు. "తీయించడానికి అక్కర్లేదండీ, మీరెందుకు తీయలేకపోతున్నారో చెప్పడానికి కావాలి" అనేవాణ్ణి.

మా ప్రయోగశాలలో ఒక బరువు తూచే యంత్రం, రెండు స్టాప్‌వాచీలు ఉండేవి. వాటిలో ఒకటి తనకు తోచినప్పుడు ఆగేది. నడక యంత్రం కావాలని అర్జీ పెట్టినప్పుడల్లా మా హెడ్డుగారు "గుంటూరులో నడవడానికి రోడ్లు లేవా?" అని పక్కన పెట్టేవారు. అందుకని మెట్టు పరీక్షతోనే బండి నడిపేవాళ్ళం. అది చాలా తేలిక. ఒక బల్ల, ఒక తాళం. మనిషి ఐదు నిమిషాలపాటు తాళానికి తగ్గట్టు బల్ల ఎక్కి దిగాలి. ఆపైన కూర్చోబెట్టి, గుండె ఎంత త్వరగా నెమ్మదిస్తుందో మణికట్టు పట్టుకుని మూడుసార్లు లెక్కపెట్టాలి. త్వరగా నెమ్మదిస్తే దిట్టమైన గుండె. ఆడవాళ్ళకు బల్ల ఎత్తు పదహారు అంగుళాలుండాలని మా పాఠ్యపుస్తకం. పాత బల్లకు చెదలు పట్టడంతో కొత్తది నల్లపాడులో ఒక వడ్రంగి మేస్త్రి చేత చేయించాం.

ఇంజను సంవత్సరం అడిగిన అమ్మాయిది అద్దంకి దగ్గర పల్లె. వాళ్ళమ్మ మిరపకోత కూలి, నాన్న చర్చిలో గంట కొట్టి, ఊడ్చి, మిగతా వేళ పొలం పనికి పోయేవాడు. రెండో ఏడాది పరిశోధన వ్యాసానికి అందరూ కబడ్డీ జట్లనీ వాలీబాల్ జట్లనీ ఎంచుకుంటే, ఈ అమ్మాయి మిరపకాయలు కోసే ఆడవాళ్ళ గుండె దిట్టం ఎంతో చూస్తానంది. నేనే గైడుని.

హెడ్డుగారు కాగితం చూసి కళ్ళజోడు తీశారు. "కూలి పని వ్యాయామం ఎట్లా అవుద్దమ్మా?"

"అవుతుందో లేదో చూడ్డానికే సార్."

"నలభై మంది కావాలి. ఒకే బల్ల, ఒకే వేళ. తేడా వస్తే ఒప్పుకోను."

"సరే సార్."

బల్లను అద్దంకి బస్సు మీదికి ఎక్కిస్తుంటే కండక్టరు "ఏందయ్యా అది, పెళ్ళిపీటా?" అన్నాడు. మెట్టు అని చెప్పాను. ఎక్కడికి మెట్టని అడిగాడు. ఎక్కడికీ పోని మెట్టన్నాను. అద్దంకి దాకా అతను నా వంక అనుమానంగానే చూశాడు.

పరీక్ష తెల్లవారగానే, వాళ్ళు ఏమీ తినకముందు, పనిలోకి దిగకముందు జరగాలి. చేలగట్టు మీద బల్ల పెట్టి, తాళం కోసం నా గొంతుతో "ఎక్కు, దిగు" అని ఐదు నిమిషాలు రికార్డు చేసిన క్యాసెట్టు పెట్టాం. టేపులో మూడో నిమిషం దగ్గర నేను ఒకసారి దగ్గాను. రెండో రోజుకల్లా ఆ దగ్గు రాగానే గట్టు మీద కూర్చున్న ఆడవాళ్ళంతా కలిసి దగ్గడం మొదలుపెట్టారు.

వాళ్ళ ముఠాకి పెద్ద ఆ అమ్మాయికి మేనత్త. యాభై దాటిన మనిషి. మొదట ఎక్కింది ఆవిడే.

"ఏమే పిల్లా, ఇంత చదువు చదివి మమ్మల్ని పీట ఎక్కిస్తున్నావా?"

"ఎక్కి దిగత్తా, మాట్లాడితే ఆయాసం వస్తుంది."

"కోత కోసేప్పుడు మాట్లాడమా? మాట్లాడకపోతేనే మాకు ఆయాసం."

నడుమ ఒకసారి కాలు మార్చి ఎడమ కాలు ముందు పెట్టమన్నాను. ఆవిడ టక్కున ఆగిపోయింది. "ఎడమ కాలా? పొద్దున్నే? చాల్లే సారూ." పక్కనున్న ఇంకో ఆవిడ ఆదివారం తప్పకుండా ప్రార్థనకు పోయే మనిషే, ఆవిడా తల అడ్డంగా ఊపింది. నలభై మందీ కుడికాలితోనే ఎక్కారు. ఆ అమ్మాయి ఆ సంగతి కూడా పుస్తకంలో రాసుకుంది.

నలభై మంది అయ్యేసరికి నెల పట్టింది. లెక్కలు నేనే రెండోసారి వేసి చూశాను. నలభై అయిదేళ్ళ మనిషి గుండె, మా కబడ్డీ జట్టులో ఇరవై ఏళ్ళ అమ్మాయి గుండె కంటే ముందు నెమ్మదిస్తోంది. అలాంటివాళ్ళు ఒకరిద్దరైతే సరే. సగానికి సగం అదే వరస.

హెడ్డుగారు పట్టిక చూశారు. ఆ అమ్మాయిని చూశారు. ఆ తర్వాత నన్ను చూశారు.

"గైడు కథలు చెబుతాడు. స్టూడెంటు అంకెలు చెబుతుందా?"

"సార్, నేను పక్కనే ఉన్నాను" అన్నాను.

"అదేనయ్యా నా భయం. మీరు పక్కన లేకపోతే నమ్మేవాణ్ణేమో. ఇంట్లో కూర్చుని రాసిన అంకెలని బయటి ఎగ్జామినరు ఒక్క మాటంటే పుస్తకం తిరుగుటపాలో వస్తుంది. ఒక సంవత్సరం పోతుంది. ఆమెకి పోతుంది, మీక్కాదు."

ఆ అమ్మాయితో వరండాలోకి వచ్చాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. పుస్తకం సంచిలో పెట్టుకుంటూ, "బల్ల బొమ్మ గీయాలి సార్. కొలతలు తీసుకుంటాను" అంది.

అరగంట తర్వాత కొలతల టేపు చేత్తో పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడింది.

"సార్, పదిహేడు ఉంది."

నాలుగు మూలలూ నేనే కొలిచాను. పదిహేడు. నెల రోజులు వాడిన బల్లని ఒక్కసారైనా కొలవలేదు నేను. పిల్లలకు మొదటి క్లాసులో చెప్పే పాఠం, ముందు పనిముట్టును కొలవమని. మేస్త్రి మీద నమ్మకమనండి, నా మీద నాకు నమ్మకమనండి, తప్పు నాది. ఇద్దరం నల్లపాడు వెళ్ళాం. మేస్త్రి తలుపు చెక్కకి చిత్రిక పడుతున్నాడు.

"పదహారు అన్నానుగదా మేస్త్రీ?"

"అన్నారు. గోడ మీద రాసుకున్నాను కూడా. అదుగో."

"మరి పదిహేడెందుకైంది?"

"అయ్యేదేందండీ, నేనే చేశాను. మీరు మెట్టన్నారు. నలభై ఏళ్ళుగా ఈ చేత్తో సరిసంఖ్య మెట్టు కొట్టలా. ఆడపిల్లలు ఎక్కుతారంటిరి. కాలు జారి పడితే ఆ పాపం నాకెందుకు?"

"మెట్లు లెక్కకి బేసి ఉండాలంటారు గానీ ఎత్తుకి కాదయ్యా!"

"ఒకటే మెట్టాయె. ఒకటి ఎటూ బేసే. ఎత్తు కూడా బేసి చేస్తే ఇంకా మంచిదని చేశాను. మీ మంచికేనండీ."

కోపం రావలసిన చోట నాకు నవ్వొచ్చింది. ఆ అమ్మాయి మొహం చూసి మింగేశాను. తిరిగి వస్తూ నడిరోడ్డు మీద నా బుర్రలో ఉన్నదంతా బయటపెట్టాను.

"చూడమ్మా, ఎత్తు ఎక్కువైతే మనకే లాభం. కష్టమైన మెట్టెక్కి కూడా వాళ్ళు గెలిచారు. లేకపోతే పదహారని రాసెయ్. ఎవరు కొలుస్తారు? వైవాలో అడిగితే నేను చూసుకుంటాను. ఒక కథ చెప్పి..."

"వద్దు సార్."

"వినమ్మా."

"కబడ్డీ వాళ్ళు పాత బల్ల మీద ఎక్కింది పదహారు. వీళ్ళు ఎక్కింది పదిహేడు. బల్ల తప్పు అని ఒక్క మాటంటే చాలు, మిగతాదేదీ చదవరు. మా అమ్మవాళ్ళ గురించి రాసింది అబద్ధమని ఒకళ్ళు అంటే నేను పడలేను. మళ్ళీ చేస్తాను."

"వైవాకి పన్నెండు రోజులే ఉంది."

"రోజుకి నలుగురు. పది రోజులు. ఇంకో రెండు రోజులు లెక్కలకి." వేళ్ళ మీద కాదు, ముందే లెక్కేసుకుని వచ్చిన మనిషిలా చెప్పింది. "ఒక సాయం చెయ్యండి సార్. వైవా అయ్యేదాకా కథలు చెప్పకండి. ఎవరికీ."

నన్ను ఉపవాసం ఉండమని ఉంటే ఇంతకంటే తేలిగ్గా ఒప్పుకునేవాణ్ణి. సరేనన్నాను.

వెనక్కి తిరిగి మేస్త్రిని ఒక అంగుళం కోసి ఇమ్మని అడిగాం. చిత్రిక కింద పెట్టేశాడు. "నేను కొయ్యను. మీరు కోసుకుంటే ఆ బల్ల నేను చేసిందని ఎవరికీ చెప్పమాకండి."

ఆ అమ్మాయి అతని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "బాబాయ్, నాకు వేరే దారి చెప్పు."

మేస్త్రి కాసేపు గడ్డం గోక్కున్నాడు. "నీకు బల్ల పదహారు కావాలా, ఎక్కేది పదహారు కావాలా?"

"ఎక్కేది."

"అయితే అంగుళం భూమిలో పాతు. నా పదిహేడు నాకుంటుంది, నీ పదహారు నీకుంటుంది."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ సెమినార్లోనూ నేనింత చక్కటి పరిష్కారం వినలేదు.

మళ్ళీ అద్దంకి బస్సెక్కాం. ఎండలకి నల్లరేగడి బీటలు తీసి రాయిలా అయింది. గునపంతో బల్ల కాళ్ళకి నాలుగు గుంటలు తవ్వాం. ఒక పక్క ఒరిగితే లెక్క చెడుతుందని ఆ అమ్మాయి స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోసి బల్ల మీద పెట్టి, నీళ్ళు నాలుగు అంచులకూ సమంగా ఉండేదాకా మట్టి సర్దింది. ఒక్కొక్క మనిషి ఎక్కే ముందు ఒకసారి, దిగాక ఒకసారి టేపు పెట్టి కొలిచింది. బల్ల వెంట్రుకవాసి దిగబడినా ఆ లెక్క కొట్టేసి, ఆ మనిషిని మర్నాడు మళ్ళీ రమ్మనేది.

"నిన్న ఎక్కాంగదే?" అనేవాళ్ళు.

"నిన్న బల్ల కూడా దిగింది పిన్నీ, మీతోపాటు."

రాత్రులు నేను పాస్టరుగారి వరండాలో పడుకునేవాణ్ణి. ఆరో రోజు అన్నం తింటూ ఆయన, గుండ్లకమ్మలో తాను పట్టిన చేప పొడుగు చెప్పడానికి చేతులు రెండూ చాపి, చాలక గుమ్మం దాకా చూపించారు. నా దగ్గర దానికి రెట్టింపు చేప ఉంది. చారన్నం కలుపుకుని నోట్లో కుక్కుకున్నాను.

రెండు రోజులు క్లాసులుండి నేను గుంటూరు వెళ్ళాల్సి వచ్చింది. ఆ రెండు రోజులూ ఆ అమ్మాయి ఒక్కతే చేసింది. తొమ్మిదో రోజుకి నేను తిరిగి వచ్చేసరికి ముప్పై ఏడో మనిషి కూతురి పురుడుకని ఒంగోలు దగ్గర ఏదో ఊరు పోయింది. "ఆమె బదులు ఇంకొకర్ని ఎక్కిద్దాం, పేరు మారిస్తే సరి" అంది మేనత్త. ఆ అమ్మాయి వినలేదు. బస్సెక్కి ఆ ఊరు పోయి, పురిటింట్లో బియ్యం కడిగి, బట్టలుతికి, ఆ రాత్రి ఆఖరి బస్సుకి ఆమెను వెంటబెట్టుకుని వచ్చింది. ఆఖరి రోజున ఎక్కిన ఆఖరి మనిషి ఆమే. పచ్చి బాలింతను వదిలి వచ్చినందుకు బల్ల మీదున్న ఐదు నిమిషాలూ ఆ అమ్మాయిని తిడుతూనే ఎక్కింది, దిగింది.

వైవా రోజున బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఒక పెద్దావిడ. నేత చీర, మగవాళ్ళ చేతిగడియారం. ముందురోజు అందిన పుస్తకాన్ని రాత్రికి రాత్రే చదివి వచ్చారని, పేజీల్లో పెట్టుకున్న కాగితం ముక్కలు చూస్తే తెలిసింది. కుశల ప్రశ్నలేమీ లేవు.

"రెండు పట్టికలున్నాయి. ఎందుకు?"

ఆ అమ్మాయి జరిగింది చెప్పింది. బల్ల, మేస్త్రి, బేసి సంఖ్య, మట్టిలో పాతడం. ఒక్కటీ దాచలేదు. పదిహేడు అంగుళాల పట్టికను పారేయకుండా చివర్న జత చేసింది. నాకే తెలియదు ఆ సంగతి.

హెడ్డుగారు ఇబ్బందిగా కదిలారు. "మేడమ్, గైడుగారు మంచివారే. కాకపోతే కాస్త... కల్పన ఎక్కువ. మీకు ముందే చెప్పడం నా ధర్మం."

ఆవిడ నా వైపు తిరిగారు. "ఇదంతా మీ కళ్ళ ముందు జరిగిందా?"

అవునని చెప్పడం ఎంత తేలికో మీకు తెలియదు. నాలుక చివర దాకా వచ్చింది.

"నలభైలో ముప్పై రెండు జరిగాయండి. ఎనిమిది నేను చూడలేదు. ఆ రెండు రోజులు నేను ఊళ్ళో లేను. మొదటిసారి బల్ల కొలవకపోవడం నా తప్పు."

ఆవిడ నన్నూ, హెడ్డుగారినీ మార్చి మార్చి చూసి, కలం కింద పెట్టారు. "అయితే చూద్దాం. ఎవరైనా వచ్చారా?"

ఆరుగురు వచ్చారు. వరండాలో అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆరుగురిలో పెద్దదెవరని అడిగారు. మేనత్త లేచి నిలబడింది. అందరం భవనం వెనక మైదానంలోకి నడిచాం. పొద్దున్నే గుంటలు తవ్వి బల్ల పాతి ఉంచాం. హెడ్డుగారు టేపు అడిగి తీసుకున్నారు. తెల్లప్యాంటు మోకాళ్ళకు మట్టి అంటుకుంటున్నా వంగి నాలుగు పక్కలా కొలిచారు. రెండో పక్క రెండుసార్లు కొలిచారు.

"పదహారు" అన్నారు, ఎవరికీ కాదన్నట్టు.

క్యాసెట్టు వేశాం. మేనత్త చెంగు దోపి, కుడికాలు పెట్టి ఎక్కింది. ఎక్కు, దిగు. ఎండ ఎక్కుతోంది. మూడో నిమిషంలో టేపులో నేను దగ్గాను. మేడమ్ తల తిప్పి నన్ను చూశారు. మిగతా అయిదుగురూ నోటికి చెంగులు అడ్డం పెట్టుకున్నారు. నాలుగో నిమిషంలో మేనత్త మెడ మీద చెమట ధార కట్టింది. అడుగు మాత్రం తాళం తప్పలేదు. ఆ అమ్మాయి నోట్‌బుక్కును రెండు చేతులతో గుండెలకు అదుముకుని నిలబడింది.

ఆగమన్నాక మేనత్తను స్టూలు మీద కూర్చోబెట్టారు. మేడమ్ పక్కనే కింద కూర్చుని స్వయంగా మణికట్టు పట్టుకున్నారు. తన గడియారం చూసుకుంటూ లెక్కపెట్టారు, ఆగారు, మళ్ళీ లెక్కపెట్టారు. మూడుసార్లూ అయ్యాక పుస్తకం తెరిచి ఒకటో వరసలో వేలు పెట్టారు.

"నువ్వు రాసినదాని కన్నా రెండు ఎక్కువ వచ్చాయమ్మా."

ఆ అమ్మాయి నోరు తెరిచేలోపు హెడ్డుగారు అందుకున్నారు. "మరి తెల్లారుజామున లేచి అద్దంకి నుంచి బస్సులో నిలబడి వచ్చింది కదండీ, ఆ మాత్రం పెరగదూ?"

అన్నాక, తాను ఎవరి పక్షాన మాట్లాడారో ఆయనకే తట్టినట్టుంది. ప్యాంటు దులుపుకోవడం మొదలుపెట్టారు.

మేడమ్ ఇంకా మేనత్త చెయ్యి వదల్లేదు. "ఆయాసం రాలేదా అమ్మా?"

"రాకేం తల్లీ. ఆయాసం వస్తే ఆగొచ్చని మాకెవరు చెప్పారు?"

పుస్తకాన్ని మోకాలి మీద పెట్టుకుని అక్కడే సంతకం చేశారావిడ. రెండు అక్షరదోషాలు దిద్దమన్నారు. చివర్న జత చేసిన పట్టికని తీసేయకుండా ముందు అధ్యాయంలోకి తెమ్మన్నారు. లేచి నిలబడి, "తర్వాత ఏం చేద్దామని?" అని అడిగారు.

"ఇంకో నలభై మందిని చూడాలి మేడమ్. పత్తి తీసేవాళ్ళని. వాళ్ళు మిరపవాళ్ళలా వంగరు, నిలబడి తీస్తారు. తేడా ఉంటుంది."

ఈ ముక్క అప్పటిదాకా నాతో అనలేదు. నేను ఏదో అనబోయాను. ఆ అమ్మాయి అప్పటికే గుంటలు పూడ్చడానికి గునపం వెతుకుతోంది. ఆడవాళ్ళు ఆరుగురూ చెప్పులు వేసుకుని బస్టాండు దారి పట్టారు. మర్నాడు మూడో కోత.